ఏడో పుస్తకంలో పోయిన అక్షరం

మూడో కట్ట మీద కత్తి పడ్డాక యజమాని తలుపు బాదడం ఆపాడు.

ఒక్కో కట్టలో వంద పుస్తకాలు. మా కటింగ్ మెషిన్ కత్తికి వంద పుస్తకాలు ఓ లెక్కలోకి రావు. మీట లాగితే పైనుంచి తాపీగా దిగుతుంది, కాగితం ఒక్క నిట్టూర్పు విడుస్తుంది, అంతే. రోజూ పుస్తకాల అంచులు కోస్తాను. ఇవాళ నడుం మధ్యలో కోస్తున్నాను.

"అమ్మాయ్," అన్నాడు యజమాని కిటికీ ఊచల్లోంచి. బాదుడు ఆగాక గొంతులోకి తేనె దిగింది. "నీకేం కావాలో చెప్పు. పదకొండింటికి సభ. ఇప్పుడే తొమ్మిదిన్నర అయింది. వీధిలో జనం అప్పుడే వరసకట్టి నుంచున్నారు."

"చదువుకోవాలి సార్."

"ఏంటీ?"

"పుస్తకాలు. ఏడూ వరసగా చదవాలి. చదవడం అయ్యేదాకా తలుపు తియ్యను. పగలగొడతానంటే ఇంకో కట్ట పోతుంది."

"ఇరవయ్యేళ్ళుగా లక్షల పుస్తకాలు కుట్టావు. ఒక్కటి తెరిచి చూసిన పాపాన పోయావా?"

"ఇవాళ మొదలుపెట్టాను."

"ఇది భాద్యత లేని పని," అని అరిచాడు యజమాని.

"బాధ్యత," అంది వెనకనుంచి మెత్తటి గొంతు. "బ మామూలుదే సార్. వత్తు ధ కి."

"ఇప్పుడా మాస్టారూ?"

ఆయన ప్రూఫుల మాస్టారు. నలభై ఏళ్ళుగా మా ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతున్నారు. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా కాగితం మీద రాసిస్తే ముందు అందులో తప్పులు దిద్ది, తర్వాత నీళ్ళు తెస్తారని మావాళ్ళ వేళాకోళం. ఆయన పక్కన బొమ్మలు గీసే కుర్రాడు ఉన్నాడు. కుర్రాడంటే ముప్పై దాటాయి. అందరూ కుంచె అంటారు. మా తమ్ముడికి ప్రాణ స్నేహితుడు. నన్ను అక్కా అంటాడు.

ఆ ముగ్గురూ కిటికీకి అవతల. నేను, ఏడు రంగుల పుస్తకాల గుట్టలు, కటింగ్ మెషిన్ ఇవతల. బైండింగ్ షెడ్డుకి ఒకటే తలుపు, ఇనప తలుపు. దాని గడియ లోపలివైపు ఉంది.

గడియ గురించి నాకు బాగా తెలుసు. మూడేళ్ళుగా దాని గురించే ఆలోచిస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఇదే ప్రెస్సు మేడమీద గదిలో మా తమ్ముడు కాలిపోయాడు. పట్టపగలు, ఒంటిగంటన్నరకి. సిగరెట్టు పారేసి నిద్రపోయాడని విచారణలో రాశారు. తలుపు వేడికి బిగుసుకుపోయిందని రాశారు. ఆ తలుపుని నేను చూశాను. బయటివైపు గడియ కడ్డీ అంతా మసిపట్టి నల్లగా ఉంది, కొసన ఒక రెండంగుళాలు తప్ప. ఆ రెండంగుళాలూ కొత్త చెంచాలా మెరుస్తున్నాయి. అంటే పొగ వచ్చినంతసేపూ ఆ కొస గోడలోని కన్నంలో దూరి ఉంది. తర్వాత ఎవరో వెనక్కి లాగారు. విచారణకి వచ్చినాయనకి ఇదంతా చూపించాను. "మీ బాధ అర్థమవుతుందమ్మా," అన్నాడు. బాధ అర్థమైనవాళ్ళకి కడ్డీ అర్థం కాలేదు.

ఆరోజు పన్నెండు దాటాక మేడమీదికి ఎవరూ వెళ్ళలేదని ముగ్గురూ సాక్ష్యం చెప్పారు. యజమాని కాగితం వ్యాపారి దగ్గర ఉన్నాడట. కుంచె ఇంట్లో ఉన్నాడట. మాస్టారు కింద మెషిన్ గదిలో ఫారాలు చదువుతున్నారట. ఫారమంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చయ్యే పదహారు పేజీలు. దాన్ని మడిచి కుట్టేది నేను.

మా అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పద్దెనిమిది. వాడికి అన్నం కలిపి పెట్టిన చేతులివి. గడియ పెట్టినవాడు దొరికిన రోజున ఇవే చేతులతో ఏం చెయ్యాలో రోజూ మీట లాగుతూ అనుకునేదాన్ని. నా ఆలోచనలు పైకి చెప్పేవి కావు.

ఈ ఉదయం ఏడింటికి ఆకుపచ్చ పుస్తకం ఫారాలు నా దగ్గరికి వచ్చాయి. మడిచి కుడుతుంటే ఒక మాట కంటపడింది. ఒకే ఒక్క మాట. అది అచ్చుతప్పయితే తలుపు తీసి అందరికీ దణ్ణం పెట్టి, కోసిన పుస్తకాలకి నా జీతం పట్టుకోమంటాను. కాకపోతే మాత్రం మా తమ్ముడి తలుపుకి గడియ పెట్టినవాణ్ణి ఇవాళే పట్టుకుంటాను. ఆ సంగతి తేలాలంటే ఏడు పుస్తకాలూ వరసగా చదవాలి.

మా తమ్ముడు రాసిన బొమ్మల కథ అది. వీరుడి పేరు యాభైఆరు. మన అక్షరాలెన్నో వాడి బలాలు అన్ని. కూలిపోతున్న వంతెనని ఆపాలంటే ఒక అక్షరం ఖర్చు పెట్టాలి. మునిగిపోతున్న పడవని లేపాలంటే ఇంకోటి. ఖర్చయిన అక్షరం మళ్ళీ వాడి నోట పలకదు. దాని బదులు దగ్గర్లో ఉన్న వేరే అక్షరం వస్తుంది, మాటలు రాని పసిపిల్లల నోట్లోలాగా. ఊరందరినీ కాపాడుతూ కాపాడుతూ చివరికి మూగవాడైపోయే వీరుడన్నమాట.

పుస్తకాల మీద ఒకటి, రెండు అని అంకెలుండవు. అట్టల రంగులే తేడా. ఏది ముందు, ఏది తర్వాత అన్నది చదివేవాళ్ళే పట్టుకోవాలి, వాడి మాటల్లో ఏ అక్షరాలు పోయాయో చూసి. తమ్ముడి ప్రయోగం అదే.

ఆ ప్రయోగం అచ్చులోనే చచ్చిపోయింది. వాడు కావాలని రాసిన తప్పులన్నీ మాస్టారు దిద్దేశారు. వీరుడి అక్షరాలన్నీ వాడికి తిరిగొచ్చేశాయి. తమ్ముడు పోయిన నెలకి ఏడు పుస్తకాలూ బయటికొస్తే తలా తోకా లేని కథని జనం తిట్టారు. కట్టలు కట్టలుగా అంగళ్ళ నుంచి వెనక్కొచ్చాయి. మొన్నీమధ్య యజమాని అలమర సర్దుతుంటే ఆరు పుస్తకాల రాతప్రతులు దొరికాయి. చదివి నోరు తెరిచాడు. మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "తప్పులనుకున్నాను తల్లీ," అని నా చేతులు పట్టుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు లెండి అని నేనే ఓదార్చాను.

ఇప్పుడు తప్పుల్ని తప్పులుగానే ఉంచి, ఏడు పుస్తకాలూ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఆ పెట్టెల కోసమే వీధిలో వరస.

మీట పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. రంగు రంగుకీ ఒక పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను.

మొదటిది పసుపు. వెతకడం కష్టం కాలేదు. సగం దాకా యాభైఆరు శుభ్రంగా మాట్లాడతాడు. బడి కప్పు కూలబోతే చేతులెత్తి ఆపుతాడు. ఆ పేజీ తర్వాత, "వాళ్ళని" అనాల్సినవాడు "పిల్లలు బాగున్నారా? వాల్లని ఇంటికి పంపండి," అంటాడు. ళ పోయింది. కల్లు తుడుచుకుంటాడు, కాల్లు ఈడ్చుకుంటాడు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతారు. వాడూ నవ్వుతాడు.

"అక్కా," అన్నాడు కుంచె ఊచలు పట్టుకుని. "దాహంగా ఉందా? మంచినీళ్ళు అందించనా?"

"నీ దగ్గర నీళ్ళు తాగే రోజులు పోయాయిరా."

"నేనేం చేశానక్కా?"

"అదే చదువుతున్నా."

రెండోది ఎరుపు. అందులో వాడి ప్రాణం ప్రానమైంది. మూడోది నలుపు. మంటల్లో ఉన్న మిల్లులోంచి నలభైమందిని బయటికి తెచ్చి ఆకాశం వైపు చూసి, "ఆకాసం ఎంత బాగుంది," అంటాడు. నా తమ్ముణ్ణి బయటికి తేవడానికి ఏ అక్షరం ఖర్చు పెట్టేవాడూ రాలేదు.

నీలం, తెలుపు పుస్తకాల్లో ఏది ముందో తేల్చడానికి కొంచెంసేపు పట్టింది. తెలుపులో "బాద" అంటాడు, నీలంలో ఇంకా "బాధ" అనే అంటాడు. కాబట్టి నీలం ముందు. పద్ధతి తెలిసిపోయాక చేతులు వాటంతటవే పేజీలు తిప్పాయి. పోయిన అక్షరం ఒక్కచోటైనా పొరపాటున తిరిగొస్తుందేమోనని ప్రతి మాటా వేలు పెట్టి చూశాను. రాలేదు. ఎవరో ఎంతో జాగ్రత్తగా, భక్తిగా ప్రూఫు చూశారు.

ఆరోది నారింజ. ఖ పోయింది. "నా ముకం చూడొద్దు," అంటాడు అద్దం ముందు.

ఆరింటిలోనూ క మాత్రం భద్రంగా ఉంది. కత్తి, కిటికీ, ఆకలి, అన్నీ ఉన్నాయి. అది చూసుకున్నాక ఆకుపచ్చ పుస్తకం తెరిచాను. నా చేతికి చెమటలు పట్టి అట్ట రంగు అంటుకుంది.

చివరి పుస్తకంలో వీరుడి అక్క ఒక గదిలో చిక్కుకుంటుంది. వీరుడు తలుపు దగ్గర నుంచుని పిలుస్తాడు.

"అత్తా, భయపడతు. ఇత్తడ చీతటి. తిటితీ తియ్యి."

అక్క, భయపడకు, ఇక్కడ, చీకటి, కిటికీ. పదహారు పేజీల్లో వీరుడి నోట ఒక్క క లేదు. నారింజ పుస్తకంలో ముకం అయిన ముఖం ఇక్కడ ముతం అయింది. ఖ బదులు నిలబడ్డ క కూడా పోయిందన్నమాట. ఇది అచ్చుతప్పు కాదు. అంత లోతుగా ఏ అచ్చుతప్పూ ఆలోచించదు.

తమ్ముడు ఏడో పుస్తకంలో తియ్యాలనుకున్న అక్షరం ఫ. మొన్న దొరికిన రాతప్రతుల్లో ఆ సంగతి రాసుకున్నాడు కాబట్టి ఇప్పుడు ఆఫీసులో అందరికీ తెలుసు. ఆరోజు పన్నెండూ పదికి మేడమీద గది బయట వరండాలోని ఫోన్ నుంచి ఇంటికి చేశాడు. నాకు జ్వరంగా ఉండి పనిలోకి వెళ్ళలేదు. "అక్కా, ఇప్పుడే మార్చేశాను. ఫ కాదు, క తీసేస్తున్నా. వాడు వాళ్ళక్కని అత్తా అంటాడు. ఎవరికీ చెప్పలేదు, నీకే ముందు. ఫారం మెషినెక్కేలోగా కిందికెళ్ళి ఆపించాలి," అన్నాడు.

నాలుగేళ్ళు వచ్చేదాకా వాడికి క తిరిగేది కాదు. నన్ను అత్తా అనేవాడు. ఇంత చిన్నపిల్ల వీడికి అత్త ఎలా అయిందని ఇరుగుపొరుగు వాళ్ళు అమ్మని ఆరా తీసేవారు. ఫోన్ పెట్టేముందు కూడా వాడు, "ఉంటానత్తా," అన్నాడు. గంటా ఇరవై నిమిషాలకి కాలిపోయాడు.

ఏడో పుస్తకం రాతప్రతి వాడితోపాటు బూడిదైంది. మెషిన్ ఆగలేదు. మూడేళ్ళ కిందట అచ్చయిన ఆకుపచ్చ పుస్తకంలో వీరుడు చక్కగా "అక్కా" అనే అన్నాడు. పన్నెండూ పది తర్వాత ఆ గదిలోకి వెళ్ళి, ఆ కాగితాలు చూసినవాడికీ, ఎవరికీ చెప్పని నాకూ తప్ప క పోయిందని ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆకుపచ్చ పుస్తకం మాటలు మీకెక్కడివి?"

"అలమరలో దొరికాయి. ఏడూ ఉన్నాయి అందులో."

వెనక్కి నడిచి మీట లాగాను. నాలుగో కట్ట. యజమాని గొంతులోంచి వచ్చిన శబ్దం కాగితం శబ్దం కంటే పెద్దది.

"ఆరే దొరికాయని మీరే నాతో అన్నారు. మళ్ళీ అడుగుతున్నా."

"పోలీసుల్ని పిలిచాను. వస్తున్నారు, జాగ్రత్త."

"రానివ్వండి. వాళ్ళతో నాకూ పనుంది. ఆకుపచ్చ పుస్తకం ఎవరిచ్చారు?"

యజమాని నుదురు తుడుచుకున్నాడు. "కుంచె తెచ్చిచ్చాడు. వాడికి జ్ఞాపకం ఉందన్నాడు. లోపలి పేజీలో వాడి పేరు వేశాం కదా, పునరుద్ధరించినవారని. నేను మొదట ఫ తీసేసి వేసెయ్యమన్నా. వీడొచ్చి అసలు పాఠం ఇది అన్నాడు. ఏదో ఒకటి, నాకు ఏడు పుస్తకాలు కావాలి. అంతే తల్లీ. ఒట్టు."

కుంచె వైపు తిరిగాను. వాడి మెడ మీద నరం కొట్టుకుంటోంది. మా ఇంట్లో నా తమ్ముడి పక్కన కూర్చుని తిన్నవాడి మెడ అది. ఊచల మధ్య చెయ్యి పెట్టి పట్టుకోగలిగినంత దూరంలో ఉంది.

"నీకు జ్ఞాపకమా?"

"అవునక్కా. వాడు నాకు అన్నీ చెప్పేవాడు కదా."

"ఎప్పుడు చెప్పాడు?"

"ముందే. ఆ వారంలోనే ఎప్పుడో."

అయిదో కట్ట. ఈసారి యజమాని వాడి వీపు మీద ఒక్కటి వేశాడు. "నిజం చెప్పి చావరా, పెట్టెలన్నీ ఖాళీగా అమ్మాలా నేను?"

పుస్తకం తెరిచి ఊచల దగ్గర పట్టుకున్నాను. వీరుడు తలుపు దగ్గర నుంచుని పిలిచే పేజీ.

"ఈ గదిలో ఉన్నామె ఎవర్రా?"

"వాళ్ళత్త," అన్నాడు కుంచె వెంటనే.

వాడు నా ముఖం చూసి కంగారుపడ్డాడు. "అత్తా అంటున్నాడు కదక్కా. నేను మొదట అక్క అనుకునే గీశా, మూడేళ్ళ కిందట. ఈసారి మాటలు చూశాక అత్తేమో అనుకుని జుట్టులో నాలుగు తెల్లవెంట్రుకలు కూడా కలిపా."

చూశాను. నిజమే. చెవి దగ్గర సన్నగా నాలుగు గీతలు గీకాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఆగుతుందో తెలియక పళ్ళు బిగబట్టాను. క పోయిందని వీడికి ఇప్పటికీ తెలియదు. వీడు ఆ గదిలోకి వెళ్ళలేదు. వెళ్ళినవాడికి ఆమె అక్క అని తెలుసు.

"ఒరే, నీకు ఆ మాటలు ఎవరిచ్చారు?"

కుంచె తల దించుకున్నాడు. "నా బల్ల సొరుగులో కవరు ఉందక్కా. టైపు చేసిన కాగితాలు. ఎవరు పెట్టారో తెలీదు. పైన ఏడో పుస్తకం అసలు పాఠం అని ఉంది. నా పేరు పుస్తకంలో పడుతుందని ఆశపడ్డా. అంతే నేను చేసిన వెధవపని. కాలిన రోజు నేను ఇంట్లోనే ఉన్నా, అమ్మతోడు."

"ఆ కాగితాలేవి?"

"సంచిలోనే ఉన్నాయి."

ఊచల్లోంచి అందుకున్నాను. పదహారు కాగితాలు. మూడో కాగితంలో వీరుడు "ఎక్కడ" అంటాడు. టైపు చేసినవాడు ఒక్కచోట క ని పొరపాటున వదిలేశాడు. దాన్ని మళ్ళీ చదివినప్పుడు పట్టుకున్నాడు. ఎర్రసిరాతో అక్షరం మీద నిలువుగీత. మార్జిన్లో త్త. గీత కొసన చిన్న కొక్కెం.

ఆ కొక్కేన్ని ఇరవయ్యేళ్ళుగా రోజూ చూస్తున్నాను. నేను మడిచే ప్రతి ప్రూఫు ఫారం మీదా ఉంటుంది.

తల ఎత్తాను. యజమాని కుంచెని తిడుతున్నాడు. కుంచె ఏడుస్తున్నాడు. మూడో మనిషి రెండడుగులు వెనక్కి జరిగి, గోడకి అంటించిన విడుదల సభ కాగితం చదువుతున్నట్టు నుంచున్నాడు.

"మాస్టారూ," అన్నాను. "మీరొక్కరే లోపలికి రండి. మీ మాటంటే నాకు గౌరవం. మీతో మాట్లాడి తలుపు తీసేస్తాను."

యజమాని ముఖంలో వెలుగొచ్చింది. "వెళ్ళండి మాస్టారూ, మీరు చెబితే వింటుంది."

గడియ తీసి, ఆయన్ని లోపలికి రానిచ్చి మళ్ళీ వేశాను. గడియ చప్పుడికి ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. స్టూలు చూపించాను. కూర్చోలేదు. కటింగ్ మెషిన్ బల్ల మీద చెయ్యి ఆనించి నుంచున్నారు. సన్నటి, తెల్లటి వేళ్ళు. చూపుడు వేలికి ఎర్రసిరా. కత్తికి జానెడు దూరం. మీట నా చేతికి అందేంత దూరంలో ఉంది.

మూడో కాగితం ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. తన గుర్తుని చూసి కూడా అబద్ధమాడలేదు. అదొక్కటీ ఒప్పుకోవాలి.

"సారు ఫ తీసేసి అచ్చెయ్యమన్నాడమ్మా," అన్నారు నెమ్మదిగా. "అలాగే వేసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. మూడు రాత్రులు ఊరుకున్నాను. కానీ అది తప్పు పాఠం. తప్పని తెలిసి ఎలా వదిలెయ్యను?"

"ఆరోజు ఏం జరిగింది?"

"గట్టిగా అనకు తల్లీ. బయట వింటారు."

"నెమ్మదిగానే అడుగుతున్నా."

"అప్పటికి అచ్చయిన ఆరు పుస్తకాలూ పట్టుకుని పైకి వెళ్ళాను. చూసి సంతోషిస్తాడనుకున్నా. వాడి తప్పులన్నీ పోగొట్టాను కదా అని. తెరిచి చూశాడు. ఎత్తి నా ముఖాన కొట్టాడు. కథని చంపేశారు అన్నాడు. ఏడో ఫారం ఆపించి, అన్నీ మళ్ళీ అచ్చు వేయిస్తానన్నాడు. ముందుపేజీలో వేయిస్తానన్నాడు, ఈ పుస్తకాల్లో ఉన్న తప్పులన్నీ దిద్దినవాడివే అని, నా పేరుతో. నలభై ఏళ్ళమ్మా. ఒక్క తప్పు పోనివ్వలేదు. నా బతుకంతా ఆ ఒక్క మాటే. బల్ల మీద ఉన్న కాగితం అప్పుడే చూశాను. అత్తా అని."

"తర్వాత?"

"ఫారం మెషినెక్కేదాకా వాడు పైనే ఆగితే చాలనుకున్నా. అచ్చయిపోతే ఇంకేం చెయ్యగలడు, సారు మళ్ళీ వెయ్యనివ్వడు. ఒక్క అరగంట. బయటికి వస్తూ గడియ పెట్టాను."

"వాడు అరవలేదా?"

ఆయన రెండో చేత్తో కాగితాన్ని బల్ల అంచుకి సమంగా సర్దారు.

"అరిచాడు," అన్నారు చివరికి. "కోపంతో అరుస్తున్నాడనుకున్నా. కింద మెషిన్ చప్పుడు. ఫారం చదువుతూ కూర్చున్నా. పొగ వాసన వచ్చాక పైకి పరిగెత్తాను. కడ్డీ లాగాను. చెయ్యి కాలింది. లోపల అప్పటికి చప్పుడు లేదు. తలుపు తియ్యలేదు నేను. తీసి చూసే ధైర్యం లేక కిందికి వచ్చేశాను."

"మరి సిగరెట్టు పారేశాడని మీరే కదా చెప్పింది విచారణలో."

"మంట ఎలా అంటుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. వాడు ఎలాగూ పోయాడు కదమ్మా. వాడికి ఇంక ఏ మాట అంటుకుంటుందిలే అనుకున్నా."

ఆయన చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. కత్తి చూశారు. నన్ను చూశారు. నా చెయ్యి మీట మీద ఉంది. అది ఎప్పుడు అక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు.

"కానియ్యి," అన్నారు. "ఆ చెయ్యే పెట్టింది. పేరు మాత్రం బయట పెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఉద్యోగం మానేస్తాను. ఊరు వదిలేస్తాను. చెయ్యి తీసేసుకో. నన్ను మాస్టారుగా పోనివ్వు."

మీట చల్లగా ఉంది. ఒక్క లాగు. మూడేళ్ళుగా రోజుకి పదిసార్లు లాగాను దీన్ని మనసులో, ఎవరి ముఖమూ లేని చెయ్యి మీద. ఇప్పుడు ఆ చెయ్యికి ముఖం వచ్చింది.

ఆ ముఖంలో నాకు ఒకటి కనిపించింది. చెయ్యి పోతే ఆయనకి నొప్పి మాత్రమే. ప్రమాదమనుకుంటారు, పాపం మాస్టారు అంటారు, పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళతారు. మేడమీద అరుపులు వింటూ కూడా ఆయన కాపాడుకున్నది చేతిని కాదు.

మీట వదిలేశాను.

"చెయ్యి మీరే ఉంచుకోండి," అన్నాను.

బయట జీపు ఆగిన చప్పుడు. బూట్లు. యజమాని ఫిర్యాదులు ఒకదాని మీద ఒకటి. "ఆవిడే సార్, అయిదొందల పుస్తకాలు ముక్కలు చేసింది." ఎవరో తలుపు తట్టారు, మర్యాదగానే.

మాస్టారు నా చీరకొంగు పట్టుకున్నారు. "తల్లీ, నెమ్మదిగా. స్టేషనుకి వెళ్ళాక చెబుదువుగాని. ఇక్కడ వద్దు. మన ప్రెస్సువాళ్ళంతా ఉన్నారు. నా చేత దిద్దించుకున్నవాళ్ళు ఉన్నారు."

కొంగు లాక్కుని గడియ తీశాను. తలుపు రెండు రెక్కలూ గోడకి కొట్టుకునేంత బారుగా తెరిచాను.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉన్నాడు. వయసు మళ్ళిన మనిషి. నరికిన కాగితం గుట్టల్ని, నన్ను, నా వెనక గోడకి అతుక్కుపోయిన ముసలాయన్ని చూశాడు. ఆయన వెనక యజమాని, కుంచె. వాళ్ళ వెనక మెషిన్ మనుషులు, కంపోజింగ్ అమ్మాయిలు, గేటు దాటి లోపలికి తోసుకొచ్చేసిన పాఠకులు. ఏ రంగు పుస్తకం ముందో తెలుసుకుందామని పొద్దున్నించీ ఎండలో నుంచున్నవాళ్ళు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎవరి మీద నీకింత కోపం?"

"రాసుకోండి సార్."

ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. వరసలో ముందున్న ఒకామె పక్కవాళ్ళని ఉష్షంది. వెనక మాస్టారు ఏదో గొణిగారు. నేను తిరిగి చూడలేదు. మేడమీద ఆ గది గోడకి తగలాలన్నంత గట్టిగా, ఒక్కో అక్షరం విడివిడిగా పలికాను.

"మూడేళ్ళ కిందట మా తమ్ముడి గదికి బయటినుంచి గడియ పెట్టి, వాడు కాలిపోతుంటే కింద కూర్చుని ఫారం చదివింది మా ప్రూఫుల మాస్టారు."